201వ యూనిట్ ఖరీదు: నల్గొండ, పాలమూరు పేద ఇళ్లకు కరెంటు, గ్యాస్ సాయం ఎక్కడి నుంచి వస్తోంది?

మే నెలలో నల్గొండ ఎండ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. 45 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. రేకుల ఇంట్లో అర్ధరాత్రి దాకా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. కూలర్ బంద్ చేస్తే పిల్లలు నిద్రపోరు. బంద్ చేయకపోతే మీటరు 200 దాటుతుంది. గృహజ్యోతి పథకం వచ్చాక పేద ఇళ్లలో ఎండాకాలపు లెక్క అంతా ఈ 200 చుట్టే తిరుగుతోంది.

లెక్క ఎట్లా ఉంటుందో చూద్దాం. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంట్లో నెలకు 200 యూనిట్లు కాలితే వచ్చేది జీరో బిల్లు. అదే ఇంట్లో 201 యూనిట్లు కాలితే మొత్తం బిల్లు కట్టాల్సిందే, మినహాయింపు ఏమీ ఉండదు. పైగా శ్లాబు కూడా మారుతుంది. 2022-23 నుంచి అమల్లోకి వచ్చిన చార్జీల ప్రకారం 200 లోపు వాడకానికి మొదటి 100 యూనిట్లు రూ.3.40, తర్వాతి 100 యూనిట్లు రూ.4.80. అంటే 200 యూనిట్ల అసలు ధర రూ.820. ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున, 201వ యూనిట్‌కు రూ.7.70 పడుతుంది. మొత్తం రూ.1,027.70. కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, విద్యుత్ సుంకం దీనికి అదనం. అంటే సున్నా కట్టే ఇల్లు ఒక్క యూనిట్ తేడాతో వెయ్యి రూపాయలు దాటి కట్టాలి. రోజు కూలీ మీద బతికే ఇంటికి అది రెండు, మూడు రోజుల కష్టం.

జీరో బిల్లులు 2024 మార్చి నుంచి మొదలయ్యాయి. అంతకు ముందు 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన పేరుతో ఊరూరా, వార్డు వార్డునా దరఖాస్తులు తీసుకున్నారు. 200 యూనిట్ల ఉచిత కరెంటునూ రూ.500 గ్యాస్ పథకాన్నీ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2024 ఫిబ్రవరి 27న ఒకేసారి ప్రారంభించారు. గృహజ్యోతికి కావాల్సినవి మూడే: ఆహార భద్రత కార్డు, ఆధార్, కరెంటు బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు. ఒక కార్డుకు ఒక్క కనెక్షన్. ఈ నెల 200 దాటి బిల్లు కట్టిన ఇంటికి, వచ్చే నెల వాడకం తగ్గితే మళ్లీ జీరో బిల్లు వస్తుంది.

అసలు చిక్కు రేషన్ కార్డు దగ్గర వచ్చింది. చాలా ఏళ్లు కొత్త కార్డుల మంజూరు సరిగ్గా సాగలేదు. పెళ్లై వేరు కాపురం పెట్టినవాళ్ల పేర్లు అమ్మానాన్నల కార్డులోనే ఉండిపోయాయి. ఒక కార్డుకు ఒకే కనెక్షన్ కాబట్టి తండ్రి ఇంటికి జీరో వస్తే కొడుకు ఇంటికి రాదు. 2025 జూలై 14న కొత్త కార్డుల పంపిణీ మొదలైంది కూడా ఈ ఉమ్మడి జిల్లాలోనే, సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో. కొత్త కార్డు చేతికి వచ్చినంత మాత్రాన జీరో బిల్లు రాదు. ఊళ్లలో ఎంపీడీఓ ఆఫీసులో, పట్టణాల్లో మున్సిపల్ ఆఫీసులో ఉన్న ప్రజాపాలన సేవా కేంద్రానికి పోయి కార్డు నంబరును యూఎస్‌సీ నంబరుతో కలిపించుకోవాలి. సంగతి తెలియక నెలల తరబడి బిల్లు కట్టేవాళ్లు ఉంటారు.

కరెంటు పుట్టే జిల్లాలు

కరెంటు బిల్లుకు భయపడే ఈ రెండు ఉమ్మడి జిల్లాలే రాష్ట్రానికి కరెంటు ఇస్తున్నాయి. నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రం నల్గొండ జిల్లాలో ఉంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం, ఒక్కొక్కటి 150 మెగావాట్ల ఆరు యూనిట్లతో, నాగర్‌కర్నూల్ జిల్లా వైపు ఉంది. ప్రియదర్శిని జూరాల, దిగువ జూరాల పాలమూరు నేల మీదివే. పులిచింతల 120 మెగావాట్లు. వీటన్నిటికీ మించి దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. పంపిణీ మాత్రం రెండు జిల్లాల్లోనూ దక్షిణ డిస్కం, అంటే టీజీఎస్పీడీసీఎల్ చేతిలో ఉంది. 2016లో పాత నల్గొండ మూడు జిల్లాలైంది. మహబూబ్‌నగర్ మొదట నాలుగై, 2019లో నారాయణపేటతో కలిపి ఐదైంది. డిస్కం సర్కిళ్లు కూడా జిల్లాలతో పాటే విడిపోయాయి. జనం మాటల్లో మాత్రం ఇప్పటికీ నల్గొండ, పాలమూరే.

పేద ఇంటికి కరెంటు సాయం గృహజ్యోతితో మొదలైంది కాదు. 1988-89లో కేంద్రం కుటీర జ్యోతి పథకం కింద దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇళ్లకు ఒక్క బల్బు కనెక్షన్ ఉచితంగా ఇచ్చింది. 2005లో రాజీవ్ గాంధీ పేరు మీద గ్రామీణ విద్యుదీకరణ పథకం, 2017లో సౌభాగ్య వచ్చాయి. ఇవన్నీ తీగ లాగి మీటరు పెట్టడం వరకే. నెలనెలా బిల్లు ఎవరు కట్టాలన్నది ఆ పథకాల్లో లేదు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉమ్మడి రాష్ట్రంలో 50 యూనిట్ల వరకు, తెలంగాణలో 101 యూనిట్ల వరకు ఉచితం ఇచ్చినప్పుడే బిల్లు సాయం మొదలైంది. ఆ సాయం కులం సర్టిఫికెట్ మీద నడిచేది. పాతబస్తీ లాంటి పట్టణ వాడల్లో కిరాయికి ఉండే ముస్లిం కుటుంబాలకు, బీసీ కూలీలకు అందులో చోటు లేదు. గృహజ్యోతిలో కులం అడగరు, రేషన్ కార్డు అడుగుతారు. ఆ మేరకు ఇది కొత్త సంగతే.

గ్రాంటుతో నడిచిన వంటింటి ప్రయోగాలు పాలమూరులో ఇంకా పాతవి. 1981-82లో జాతీయ బయోగ్యాస్ పథకం మొదలైంది. తర్వాత రెండు, మూడేళ్లకు పొగలేని పొయ్యిల కార్యక్రమం వచ్చింది. గోబర్ గ్యాస్ గుంత తవ్వుకున్న ఇంటికి సర్కారు సబ్సిడీ ఇచ్చేది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటు నడవాలంటే రోజుకు దాదాపు 50 కిలోల పేడ, దానికి సరిపడా నీళ్లు కావాలి. అంటే కనీసం నాలుగైదు పశువులు ఉన్న ఇల్లు కావాలి. కరువు వస్తే పాలమూరు రైతు ముందు అమ్ముకునేది పశువులనే. తాగే నీళ్లకే కోసుల దూరం నడిచే ఊళ్లో పేడ కలపడానికి నీళ్లెక్కడివి? పథకం చెడ్డదని కాదు గానీ, నాలుగు పశువులున్నవాడికి పనికొచ్చే సాయాన్ని పశువే లేనివాడి కోసమని చెప్పుకొన్నారు. పొగలేని పొయ్యిల కార్యక్రమాన్ని 2002లో కేంద్రమే ఆపేసింది.

బండ వచ్చింది, నింపించేదెట్లా?

వంటగ్యాస్ కథ కూడా ఇట్లాంటిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం పెట్టారు. డ్వాక్రా సంఘాల మహిళలకు డిపాజిట్ సొమ్ము సర్కారే కట్టి గ్యాస్ కనెక్షన్ ఇచ్చింది. దేశమంతా ఉజ్వల పథకం 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో మొదలైంది. అంటే తెలుగు మహిళలు ఆ పని 17 ఏళ్లు ముందే చూశారు, దాని లోపం కూడా ముందే చూశారు. బండ వంటింట్లోకి వచ్చింది, అయిపోయాక నింపించే పైసల్లేవు. పండుగకో, చుట్టాలొచ్చినప్పుడో గ్యాస్ వెలిగించి మిగతా రోజుల్లో కట్టెల పొయ్యి మీదే వండుకున్నారు. దీపం మీద ప్రపంచ బ్యాంకు చేయించిన అధ్యయనాలు కూడా ఈ సంగతినే పట్టుకున్నాయి.

హైదరాబాద్‌లో 14.2 కిలోల బండ ధర 2023 మార్చిలో రూ.1,155కు ఎక్కింది. ఆ ఏడాది ఆగస్టు చివరలో కేంద్రం రూ.200 తగ్గించింది. 2024 మార్చిలో మరో వంద తగ్గింది. 2025 ఏప్రిల్‌లో యాభై పెరిగి రూ.905 అయింది. జిల్లాలకు వచ్చేసరికి రవాణా ఖర్చుతో ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఉజ్వల కనెక్షన్ ఉన్నవాళ్లకు కేంద్రం ఒక్కో బండకు రూ.300 ఇస్తోంది. మొదట ఏడాదికి 12 బండల దాకా ఇచ్చింది, 2025-26లో దాన్ని 9కి తగ్గించింది.

తెలంగాణ మహాలక్ష్మి పథకంలో బండ రూ.500కే అంటారు. కానీ డెలివరీ బాయ్‌కి ఇచ్చేది రూ.500 కాదు. పూర్తి ధర ముందు కట్టాలి. పైన కట్టిన సొమ్ము తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఉజ్వల వాళ్లకు కేంద్రం ఇచ్చేది పోను మిగతా తేడా రాష్ట్రం ఇస్తుంది. చేతిలో తొమ్మిది వందలు లేనివాళ్లకు, నాలుగు వందలు తర్వాత వస్తాయన్న మాట అంత ధైర్యం ఇవ్వదు. ఖాతాకు ఆధార్ లింకు లేకపోయినా, పాత ఖాతా మూతపడినా ఆ సొమ్ము ఎక్కడ పడిందో వెతుక్కోవడానికి ఇంకో రోజు కూలీ పోతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఏడాదికి ఎన్ని బండలకు ఈ సాయం వస్తుందన్నది ఆ ఇల్లు గత మూడేళ్లలో సగటున ఎన్ని తీసుకుందో చూసి లెక్కగట్టారు. ఆ మూడేళ్లలోనే ధర వెయ్యి దాటింది. కొనలేక కట్టెలు కాల్చినవాళ్ల సగటు తక్కువగా తేలింది. పాలమూరు లేబరు పేరుతో ముంబైకో పుణెకో పోయి ఆరు నెలలు అక్కడే ఉన్న కుటుంబాల సగటు ఇంకా తక్కువ. కొనగలిగి నెలకొక బండ వాడినవాళ్లకు మాత్రం ఎక్కువ బండలకు సాయం దక్కింది. సర్కారు వైపు నుంచి చూస్తే ఈ నియమానికి కారణం ఉంది. సగటు చూడకపోతే సబ్సిడీ బండలు హోటళ్లకు పోతాయి. అయినా ఎవరికి తక్కువ ఇచ్చామని చూస్తే, అది ఎక్కువ అవసరం ఉన్న ఇల్లే. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితంగా ఇస్తున్నారు. అక్కడ పాత వాడకం చూడరు. మూడు అంటే అందరికీ మూడే.

కొండారెడ్డిపల్లి లెక్క

నిధులు వేరే చోటి నుంచి తెచ్చి ఊరు మొత్తానికి కరెంటు బాధ తీర్చాలన్న ప్రయత్నానికి పెద్ద ఉదాహరణ ఈ ప్రాంతంలోనే ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు. 2024 సెప్టెంబరులో డిస్కం, పునరుత్పాదక ఇంధన సంస్థ అధికారులు ఆ ఊళ్లో ఇంటింటి సర్వే మొదలుపెట్టారు. ఊళ్లో 514 ఇళ్లు ఉంటే 480 ఇళ్ల మీద 3 కిలోవాట్ల చొప్పున సౌర పలకలు బిగించారు. సర్కారు భవనాలు 11కు కలిపి మరో 60 కిలోవాట్లు. అంతా కూడితే 1,500 కిలోవాట్లు. దక్షిణ భారతంలో పూర్తిగా సౌర విద్యుత్‌తో నడిచే మొదటి గ్రామమని 2025లో ప్రకటించారు.

మొత్తం ఖర్చు పదిన్నర కోట్ల రూపాయలు. ఇందులో కొంత కేంద్ర సబ్సిడీ, కొంత రాష్ట్రం పెట్టిన మౌలిక వసతుల ఖర్చు. నాలుగు కోట్లకు పైగా సొమ్ము ప్రీమియర్ ఎనర్జీస్ అనే హైదరాబాద్ సౌర పలకల కంపెనీ తన సీఎస్‌ఆర్ కింద ఇచ్చింది. కేంద్ర సబ్సిడీ 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం నుంచి వచ్చేది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000, మూడో కిలోవాట్‌కు రూ.18,000, అంతా కలిపి ఇంటికి గరిష్ఠంగా రూ.78,000. ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ 3 కిలోవాట్ల ప్లాంటు ఖర్చు అంతకంటే చాలా ఎక్కువ. సబ్సిడీ పోను మిగిలింది ఇంటివాళ్లు పెట్టుకోవాలి, లేకపోతే బ్యాంకు రుణం తీసుకోవాలి. కొండారెడ్డిపల్లిలో ఆ మిగతా భారాన్ని సీఎస్‌ఆర్ సొమ్ము మోసింది. అందుకే అక్కడ ఇంటివాళ్ల జేబుకు చిల్లు పడలేదు.

ఒక్కో ఇంటి మీద నెలకు సగటున 360 యూనిట్ల దాకా పుడుతుంది. ఇల్లు వాడుకోగా మిగిలింది గ్రిడ్‌కు పోతుంది, యూనిట్‌కు రూ.5.25 చొప్పున ఇస్తున్నారు. 2025 సెప్టెంబరు ఒక్క నెలలో ఊరు లక్ష యూనిట్లు గ్రిడ్‌కు పంపి దాదాపు 5 లక్షలు సంపాదించింది. ఇళ్ల మీద పంచుకుంటే ఒక్కొక్కరికి వెయ్యి రూపాయల చిల్లర. పెన్షన్ మీద బతికే ముసలివాళ్లకు అది చిన్న సొమ్ము కాదు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సినవి కొన్ని ఉన్నాయి. 514లో 480 పోతే 34 ఇళ్లు. సౌర పలక నిలబడాలంటే స్లాబు కావాలి, కనీసం బరువు మోసే కప్పు కావాలి. పెంకుటిల్లు, మట్టి మిద్దె, పూరిల్లు ఆ బరువు మోయవు. ఏ ఊళ్లోనైనా సరే, పైకప్పు మీద ఇచ్చే సాయం పైకప్పు లేనివాడిని దాటిపోతుంది. మరొకటి, 200 లోపు వాడే రేషన్ కార్డు ఇంటికి బిల్లు ఎట్లాగూ సున్నా. పలకలతో అక్కడ బిల్లు తగ్గదు, కొత్తగా ఆదాయం వస్తుంది. తగ్గేది రాష్ట్రం డిస్కంకు కట్టే సబ్సిడీ. సర్కారుకు కూడా దీంట్లో లాభం ఉంది, తప్పేం లేదు. పూర్తి ధర కట్టే మధ్యతరగతి ఇంటికి సౌర పలక ఎందుకో వెంటనే అర్థమవుతుంది. జీరో బిల్లు వచ్చే ఇంటికి మాత్రం ఎవరో పూర్తి ఖర్చు పెడితే తప్ప అర్థం కాదు.

పలకల మీద దుమ్ము తుడవాలి, కోతులను కాచుకోవాలి, ఇన్వర్టర్ చెడితే బాగు చేయించాలి. సూర్యఘర్ నియమాల ప్రకారం బిగించిన సంస్థే ఐదేళ్లు చూసుకోవాలి. ఆరో ఏట ఎవరు చూస్తారన్నది ఊరే తేల్చుకోవాలి. ముఖ్యమంత్రి సొంతూరు అనే సంగతి కూడా పక్కన పెట్టలేం. రెండో ప్రయోగానికి ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్క మధిర నియోజకవర్గంలోని బోనకల్ మండలం ఎంచుకున్నారు. ఆ ఊళ్ల మీద చూపిన శ్రద్ధ తలకొండపల్లిలోనో మర్రిగూడలోనో పెట్టినప్పుడు ఈ నమూనా నిజంగా పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. సూర్యఘర్ కింద ఒక్కో జిల్లాలో పోటీ పెట్టి, గెలిచిన ఆదర్శ సౌర గ్రామానికి కోటి రూపాయల గ్రాంటు ఇస్తారు. అయితే దానికి ఊరి జనాభా 5,000 దాటాలి. కొండారెడ్డిపల్లి లాంటి చిన్న ఊళ్లు ఆ పోటీలోకే రావు.

సొమ్ము ఎక్కడ ఉంది?

గ్రాంటు అంటే సర్కారు దయ అనుకుంటారు గానీ చట్టం ప్రకారం పక్కన పెట్టిన సొమ్ము కూడా ఉంది. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం రూ.500 కోట్ల నికర విలువ, లేదా రూ.1,000 కోట్ల టర్నోవరు, లేదా రూ.5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. కంపెనీ ఉన్న చుట్టుపక్కల ప్రాంతానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. చౌటుప్పల్‌లో, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఫార్మా కంపెనీలు ఉన్నాయి. బడి గోడకు రంగు, బస్టాండులో బెంచీ, వాటర్ ప్లాంటు వంటివి సీఎస్‌ఆర్ కింద తరచుగా కనబడతాయి. ఇంటి కరెంటు ఖర్చు తగ్గించే పని అరుదు.

సంఘం గానీ ట్రస్టు గానీ ఈ సొమ్ము అడగాలంటే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, మూడేళ్లు పనిచేసిన అనుభవం చూపాలి, 2021 ఏప్రిల్ నుంచి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారం కూడా నింపి ఉండాలి. బస్తీలోని చిన్న కమిటీకి ఇవన్నీ దొరికే పని కాదు. అట్లాంటప్పుడు ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థతో కలిసి అడగడం దగ్గరి దారి.

రెండోది జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి. సున్నపురాయి తవ్వే చోట గనుల యజమానులు కట్టే సొమ్ము జిల్లాలోనే ఉంటుంది. తాగునీరు, వైద్యం, చదువు లాంటివాటికి పెద్ద వాటా పోయినా, మిగతా వాటాలో ఇంధనం పేరు కూడా ఉంది. ఈ నిధి అడిగే హక్కు గనుల ప్రభావం పడిన ఊళ్లదే.

మూడోది ఊళ్లో ఇప్పటికే ఉన్న మహిళా సంఘాలు. 1990లలో ఐక్యరాజ్య సమితి సాయంతో పేదరిక నిర్మూలన ప్రాజెక్టు నడిచిన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2000లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో వెలుగు మొదలైన ఆరు జిల్లాల్లోనూ అది ఉంది, తర్వాత దశలో నల్గొండ చేరింది. అప్పటి సంఘాలే ఇప్పుడు గ్రామ, మండల, జిల్లా సమాఖ్యలు. నారాయణపేటలో జిల్లా సమాఖ్య 2025 ఫిబ్రవరి నుంచి పెట్రోల్ బంకు నడుపుతోంది. మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల సౌర ప్లాంట్లు పెట్టించాలని రాష్ట్రం లక్ష్యం పెట్టుకుంది. బంకు నడిపేవాళ్లు ప్లాంటు నడపలేరా అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. అయితే సంఘానికి వచ్చే లాభంలోంచి బిల్లు కట్టలేని సభ్యురాలికి ఎంత పక్కన పెడతారన్నది మాత్రం సంఘం తీర్మానంలో రాసుకోవాల్సిన సంగతి.

బయటి దేశాల్లో ఈ పని వేరే తీరుగా జరుగుతుంది. బ్రిటన్‌లో నియమాలు తప్పిన ఇంధన కంపెనీల నుంచి వచ్చే సొమ్ము ఒక నిధిలోకి పోతుంది. 2018 నుంచి ఎనర్జీ సేవింగ్ ట్రస్ట్ దాన్ని నడుపుతోంది. స్వచ్ఛంద సంస్థలు పోటీపడి గ్రాంటు తెచ్చుకుంటాయి. ఆ సొమ్ముతో ముసలివాళ్ల ఇళ్లకు మనిషిని పంపి బిల్లు చదివి చెప్పిస్తాయి, బకాయిల గురించి కంపెనీతో మాట్లాడతాయి, కిటికీ సందులు మూయిస్తాయి. అమెరికాలో 1981 నుంచి పేద ఇళ్ల ఇంధన ఖర్చుకు ఫెడరల్ సాయం ఉంది. అక్కడ చలికి బిల్లు పెరుగుతుంది, ఇక్కడ ఎండకు పెరుగుతుంది. మన విద్యుత్ చట్టంలో 57వ సెక్షన్ కింద సేవా ప్రమాణాలు తప్పిన డిస్కం ఆ వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలని ఉంది. అడిగేవాళ్లు తక్కువ.

బ్రిటన్ పద్ధతిలోంచి పాలమూరుకు పనికొచ్చేది బిల్లు చదివి చెప్పే మనిషి. ఒక మామూలు ఇంటి లెక్క తీసుకుంటే ఎందుకో తెలుస్తుంది. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు, రెండు ఫ్యాన్లకు 72. కూలర్ 180 వాట్లది రాత్రంతా పది గంటలు నడిస్తే 54. ఫ్రిజ్ సుమారు 35. నీళ్ల మోటారు అర హెచ్‌పీది రోజుకో గంట, 11. టీవీ 12, నాలుగు ఎల్ఈడీ బల్బులు 7. మొత్తం 191. ఇక ఇస్త్రీ పెట్టె, మిక్సీ, సెలవులకు వచ్చిన కూతురి గదిలో ఇంకో ఫ్యాన్ చేరితే 200 దాటిపోయినట్లే.

ఆ రెండు పాత ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే 72 యూనిట్లు 29కి దిగుతాయి. 43 యూనిట్లు మిగిలితే మే నెల కూడా జీరో బిల్లులోనే దాటుతుంది. ఒక్కో ఫ్యాన్ రెండున్నర, మూడు వేలు. ఒకేసారి ఐదారు వేలు పెట్టలేకనే పేద ఇల్లు పాత ఫ్యాన్‌తో నెట్టుకొస్తూ ఎండాకాలం నెలకు వెయ్యి కడుతుంది. రెండు ఎండాకాలాల బిల్లుతో ఆ ఫ్యాన్ల సొమ్ము తీరిపోతుంది. 3 కిలోవాట్ల సౌర ప్లాంటు ఒక్కటి పెట్టే ఖర్చుతో పాతిక ముప్పై ఇళ్లకు రెండేసి ఫ్యాన్లు ఇవ్వొచ్చు. వాటికి స్లాబు అక్కర్లేదు, కిరాయి ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు. ఫోటోకు బాగుండవు, అంతే. రంజాన్‌లో జకాత్ సొమ్ము పంచే కమిటీలు, గణేశ్ నవరాత్రుల్లో చందాలు మిగిలే యువజన సంఘాలు కూడా చేయగలిగే పని ఇది.

కిరాయి ఇళ్లు, అడవి పెంటలు

గృహజ్యోతి కిరాయిదారులకూ వర్తిస్తుంది. కానీ నల్గొండ, మహబూబ్‌నగర్ పాత వాడల్లో ఒకే మీటరు కింద మూడు, నాలుగు పోర్షన్లు ఉండటం మామూలే. అన్ని ఇళ్ల వాడకం ఒకే మీటరులో పడి 400 దాటుతుంది. ఎవరికీ జీరో రాదు. పైగా యజమాని సబ్ మీటరు చూసి యూనిట్‌కు ఇంత అని తానే ధర కడతాడు. డిస్కం ధర రూ.3.40 ఉండే యూనిట్‌కు పోర్షన్‌లో ఎనిమిదో, పదో ఇచ్చేవాళ్లు ఉంటారు. విద్యుత్ చట్టం 2003లోని 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమానే కాదు, ఇంట్లో ఉండేవాళ్లు కూడా కనెక్షన్ అడగవచ్చు. కాగితాల దగ్గర యజమాని సహకారం లేకపోతే కష్టమే. అయినా పోర్షన్‌కు వేరే మీటరు పెట్టిస్తే కిరాయిదారుతో పాటు యజమాని కూడా పెద్ద శ్లాబు నుంచి బయటపడతాడు. ఈ మాట చెప్పి చూస్తే ఒప్పుకునేవాళ్లు ఉంటారు.

అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటల సంగతి పూర్తిగా వేరు. పులుల అభయారణ్యం లోపలికి స్తంభాలు, తీగలు తీసుకుపోవడానికి అటవీ అనుమతులు అంత సులువుగా రావు. మీటరు లేని ఇంటికి 200 యూనిట్ల ఉచితం అన్న మాటకు అర్థం లేదు. అక్కడ పనికొచ్చేది చిన్న సౌర దీపం, దాని బ్యాటరీ మూడో ఏట చచ్చిపోతే మార్చే మనిషి. 2025 మేలో అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకం ప్రారంభమైంది. అటవీ హక్కుల పట్టా ఉన్న గిరిజన రైతుల పొలాలకు సౌర పంపులు ఇవ్వడం దాని పని. చేనుకు సౌర పంపు వచ్చిన చోట పెంటలో ఇంటి దీపానికి కూడా అదే మెకానిక్ దొరుకుతాడా అన్నది చూడాలి.

బిల్లు తప్పుగా వచ్చినా, అర్హత ఉండి జీరో రాకపోయినా మొదట 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. తర్వాత సెక్షన్ ఏఈ ఆఫీసు, బిల్లుల విషయమైతే ఈఆర్‌ఓ ఆఫీసు. అక్కడ తేలకపోతే డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్. వేదికకు తెల్ల కాగితం మీద తెలుగులో రాసిచ్చినా చాలు, వకీలు అక్కర్లేదు. బకాయి ఉందని లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీక్కుపోవడం పేద వాడల్లో మామూలు విషయం. చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం కనెక్షన్ తీసేముందు 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బిల్లు తప్పని అభ్యంతరం ఉంటే, అడిగిన మొత్తం గానీ గత ఆరు నెలల సగటు చార్జీ గానీ, రెండింట్లో ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కట్టినవాళ్ల కనెక్షన్ వివాదం తేలేదాకా తీయకూడదు. రెండేళ్లు దాటిన పాత బకాయిని, మధ్యలో బిల్లుల్లో చూపకుండా ఒక్కసారిగా ముందుకు తెచ్చి వసూలు చేయడం కూడా కుదరదు. అందుకే పాత బిల్లులు, జీరో బిల్లులతో సహా, పారేయకుండా ఒక సంచిలో పెట్టుకోవడం మంచిది.